పేలుళ్లు లేని ఊరు

వాల్‌సేకా,
మార్చి 14

చెల్లీ ఫినా,

నీ వంటింటి బల్ల మీద ఓ చీటీ పడేసి వచ్చేశానని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఎదురుగా నిలబడి చెబితే నువ్వు నన్ను కదలనిచ్చేదానివి కాదు. తలుపులు బిగించి, కిటికీలకు దుప్పట్లు కట్టి, రేడియో గట్టిగా పెట్టి చూఫాని ఎలాగో కాపాడుకుందాం అనేదానివి. పోయిన ఏడు అవన్నీ చేశాం కదా. మంచం కిందికి దూరి, గోడకు మొహం పెట్టుకుని, చివరికి నోట నురగతో పడిపోయింది. ఇంకో పండగ వస్తే ఈ కుక్క గుండె తట్టుకోదని పశువుల డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు.

మీ వదిన పోయే ముందు ఆస్పత్రిలో నన్ను అడిగింది ఒక్కటే. తన పేరున ప్రార్థనలు చేయించమనలేదు, సమాధి మీద పూలు పెట్టమనలేదు. "బతిస్తే, నా కుక్కని ఆ పేలుళ్లలో చంపకు" అంది. సరే అన్నాను. కొయ్యా కాగితంతో బొమ్మల ఫాయా కట్టి, పండగ చివరి రాత్రి దాన్ని కాల్చే మా వీధి సంఘంలోనే పుట్టి పెరిగినవాణ్ణి, పండగ రోజుల్లో తెల్లారేసరికి టపాకాయలు విసురుతూ వీధంతా నిద్ర లేపినవాణ్ణి, పండక్కి వలెన్సియాలో లేకుండా పోవడం ఇదే మొదలు. నలుగురికీ చెబితే నాకే ధైర్యం జారిపోయేది.

తదేవో నడిపే బస్సులో కుక్కలు కింద సామాన్ల అరలోనే రావాలట. పిడికెడు ప్రాణాన్ని ఆ చీకట్లో ఎలా పడేస్తాం? బజారు బుట్టలో కూర్చోబెట్టి పైన పాలకూర కట్టలు కప్పాను. నిన్న దారి పొడుగునా పాలకూర వణుకుతూనే ఉంది. తదేవో అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు మాత్రం "మీ కూర కుక్క వాసనేస్తోంది పెద్దాయనా" అన్నాడు, అంతే. మంచివాడు. ఉత్తరాలు కూడా తనే చేరవేస్తానన్నాడు. నేను పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి నీ గారెల దుకాణానికి తెస్తాడు. నువ్వు రాసింది సాయంత్రానికి నాకందుతుంది. ఫోన్ చెయ్యమని మాత్రం అనకు. ఇక్కడి బార్‌లో ఫోను ఉంది గానీ, నా చెవులకు అది ఎందుకూ పనికిరాదు. టపాకాయలు చేసిన పని.

ఊరంటే ఒక వీధి, ఓ చర్చి, బట్టలుతికే తొట్టి, ఆ వెనక కొండ. ప్రాక్సెదెస్ అనే ఆవిడ ఇంట్లో గది దొరికింది. రాత్రికి వెల్లుల్లి చారు పెడతానంది. చూఫాకి తన పొయ్యి పక్కనే గోనెపట్టా పరిచింది. అది నిద్రపోతోంది. నాకే కాలు ఒక చోట నిలవడం లేదు. అక్కడ మధ్యాహ్నం రెండు కొట్టగానే పేలుళ్లు మొదలవుతాయి కదా, చెవితో వినకపోయినా నాకు గుండెల్లో తెలిసేది. ఇవాళ రెండింటికి వీధి మధ్యన నిలబడి ఎదురుచూశాను. ఏమీ రాలేదు. కాసేపటికి ఓ కోడి వచ్చింది.

గారెల మూకుడు మీ వదినది. దానికి సన్నని మంట కావాలి. గుమ్మడికాయ మరీ నీళ్లగా ఉంటే పిండి కొంచెం ఎక్కువ వెయ్యి.

నీ అన్నయ్య,
బతిస్తె

*

వలెన్సియా,
మార్చి 15

అన్నయ్యా,

చేతులు పిండిలో ఉన్నాయి, అందుకే కాగితం మీద ఈ మరకలు. ఇటు మూకుడు, అటు జనం, మధ్యలో నీ ఉత్తరం. ఒక వాయి మాడింది. మూకుడు సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు.

పొద్దున్నుంచి గారెలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ "బతిస్తె ఏడమ్మా" అంటున్నారు. ఏమని చెప్పను? కుక్కని తీసుకుని కొండల్లోకి గాలి మార్పుకి పోయాడని చెబితే నవ్వుతున్నారు. సంఘం పెద్ద ఒనొరాత్ మాత్రం నవ్వలేదు. మొహం దించుకుని వెళ్లిపోయాడు. పందొమ్మిదిన శాన్ హోసె సాధువు రోజు, ఆయన పేరే కదా నాకు పెట్టింది, అది నా పేరు పండగ. నువ్వు నా పక్కన లేకుండా ఆ రోజు గడిచింది ఎప్పుడైనా ఉందా? వదిన పోయిన ఏడే నువ్వూ లేకపోతే, కొవ్వొత్తి ఒక్కదాన్నే ఊదుకోవాలా?

ఇంతకీ ఎవరీ ప్రాక్సెదెస్? వెల్లుల్లి చారు పెడుతుంది, కుక్కకి పక్క వేస్తుంది. ఒక్కరోజులోనే ఇంత మర్యాదా?

సరే, అసలు మాటకొస్తాను. చూఫా కోసమే పోయానని రాశావు. కొంత నిజమే అయ్యుంటుంది. మొత్తం కాదని నాకు తెలుసు. మూడ్రోజుల కిందట సాయంత్రం ఒనొరాత్ నిన్ను పక్కకు పిలిచి మాట్లాడటం దుకాణంలోంచి చూశాను. తిరిగొచ్చేసరికి నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. మర్నాడు నువ్వు లేవు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, నీకు చెప్పేసి ఉంటాడు. పండగ దాకా చెప్పొద్దని వాడికి వందసార్లు చెప్పాను. కోపమొస్తే నా మీద చూపించు, అందులో నా చెయ్యి కూడా ఉంది. నీ మీద ప్రేమతోనే చేశాం తప్ప బాధపెట్టాలని కాదు.

రాత్రికి బొమ్మలన్నీ నిలబెడతారు. వడ్రంగులు అప్పుడే వీధి మూసేశారు. మనసు మనసులో లేదు. వెంటనే జవాబు రాయి.

ఫినా

*

వాల్‌సేకా,
మార్చి 15, సాయంత్రం

చెల్లీ,

ముందు ప్రాక్సెదెస్ సంగతి. ఆవిడకి ఎనభై దాటాయి. గడ్డం నాకంటే ఒత్తుగా ఉంటుంది. ఇద్దరు మొగుళ్లని సాగనంపింది, మూడోవాడు తనకు అక్కర్లేదని నేను గడప లోపల కాలు పెట్టకముందే చెప్పింది. ఇక నువ్వు నిశ్చింతగా గారెలు వేసుకోవచ్చు.

రెండోది. అవును, ఒనొరాత్ చెప్పాడు. చెప్పడంలో తప్పు లేదు. పండగ రోజున నలుగురిలో తెలిస్తే ఇంకా అన్యాయంగా ఉండేది. నాకు గుచ్చుకున్నది ఏమిటంటే, నన్ను ఒక్క మాట అడగకుండా మీలో మీరే తేల్చేసుకున్నారు. గౌరవం అని పేరు పెట్టినంత మాత్రాన నొప్పి తగ్గిపోదు ఫినా. ఇందులో నీ చెయ్యి ఉందని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. ఇంట్లో మనిషివి, నువ్వైనా వద్దని ఉండాల్సింది. ఒనొరాత్‌తో చెప్పు, నాకు ఎవరి జాలీ అక్కర్లేదని.

అయినా నేను వచ్చింది చూఫా కోసమే. నమ్మితే నమ్ము.

ఇక్కడ ఇంకో గొడవ జరిగింది. వలెన్సియా మనిషి వచ్చాడు, పండగపూట చప్పుడు లేకుండా ఎలా ఉంటాడు పాపం అని ఊళ్లోవాళ్లంతా కూడబలుక్కుని, పట్నం వెళ్లినవాడి చేత ఓ పెట్టెడు టపాకాయలు తెప్పించారు. శాన్ హోసె రోజున చర్చి ముందు నా గౌరవార్థం కాలుస్తారట. ప్రాక్సెదెస్ ఆ పెట్టె తెచ్చి పసిబిడ్డని అందించినట్టు నా చేతికిచ్చింది. వద్దు తల్లీ, వీటి నుంచే పారిపోయి వచ్చానంటే ఎవరూ నమ్మరు. "మొహమాటపడకండి, అన్నీ పెద్ద సైజువే" అంటారు. ఇక లాభం లేదని పెట్టె ఎత్తుకుపోయి బట్టల తొట్టిలో ముంచేశాను. ఒక్కొక్కటే బుడగలు వదులుతూ మునిగింది. నా చేతులతో, ఫినా. తొట్టి గట్టున నిలబడి ప్రాక్సెదెస్ శిలువ గుర్తు వేసుకుంది.

రోజంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. చర్చి దాకా వెళ్లి రావడం, కొండ దాకా వెళ్లి రావడం. చూఫా నాతో పాటు రెండుసార్లు వచ్చి, మూడోసారికి నన్ను వదిలేసి పొయ్యి దగ్గరికి పోయింది. మీ వదిన ఎన్‌కార్నా ఉంటే "కూర్చోవయ్యా, నేల అరిగిపోతోంది" అనేది. ఆ మాట అనేవాళ్లు లేక తిరుగుతున్నాననిపిస్తోంది.

బతిస్తె

*

వలెన్సియా,
మార్చి 16

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివాక దుకాణం పక్కింటి పిల్లకి అప్పగించి తిన్నగా ఫాయా దగ్గరికి పోయాను. అప్పటికి అంతా నిలబడింది, జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఒనొరాత్‌ని చొక్కా పట్టుకుని పక్కకు లాగాను.

"తీసెయ్యండి" అన్నాను.

"ఏం తీసెయ్యాలి?"

"ఆవిణ్ణి. మా అన్నయ్యకి ఇష్టం లేదు. అడగకుండా చేశామని మండిపడుతున్నాడు."

"నిలబెట్టిన ఫాయాలోంచి బొమ్మ ఊడబీకడం ఎక్కడైనా ఉందా ఫినా? పందొమ్మిదిన ఎలాగూ అన్నీ కాలిపోయేవేగా."

"కాలిపోయేవే కాబట్టే తియ్యమంటున్నా. తీస్తావా, నన్నే రంపం తెచ్చుకోమంటావా?"

తీశారు. రంపపు చప్పుడు వింటుంటే నా ఒళ్లే కోసినట్టుంది. వదినని నలుగురు మోసుకొచ్చి మా ముందుగదిలో కుర్చీ మీద కూర్చోబెట్టి పోయారు. ఒళ్లో ఉన్న కాగితం చూఫాని మాత్రం తీసుకురానివ్వలేదు, వీధి పిల్లలు అడ్డం పడి ఏడ్చారు. అది ఒక్కతే ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ చోటు పన్ను ఊడిన నోరులా ఉంది, దారినపోయేవాళ్లంతా ఇక్కడెవరని అడుగుతున్నారు.

ఆ నీలి గళ్ల ఏప్రాన్ నీ బట్టల పెట్టెలోంచి నేనే తీశాను. అది తప్పే, ఒప్పుకుంటున్నాను. తిరిగి పెట్టేస్తాను. ఉతకలేదు, కంగారుపడకు.

ఇప్పుడు నీ మనసు చల్లబడిందా? నాకైతే ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు. ఆవిడ ముందుగదిలో కూర్చుని ఉంటే దీపం ఆర్పబుద్ధి కాదు.

ఫినా

*

వాల్‌సేకా,
మార్చి 16, సాయంత్రం

ఫినా,

ఏ బొమ్మ? నీ ముందుగదిలో కూర్చున్నది ఎవరు?

ఒనొరాత్ నాతో చెప్పింది తెల్లవారుజాము టపాకాయల సంగతి. చెవులు సరిగ్గా వినపడవు, ఎవరికైనా ప్రమాదం అని నన్ను తప్పించి, ఆ పని తన అల్లుడికి ఇచ్చారట. నాకు గౌరవంగా ఓ పతకం ఇస్తారట. అదొక్కటే చెప్పాడు. నీ చెయ్యి ఉందంటే, నా చెవుల గురించి వాళ్లకు చెప్పింది నువ్వేనేమో అనుకున్నాను.

ఎన్‌కార్నా బొమ్మ చేశారా? ఏప్రాన్ కట్టి, ఒళ్లో చూఫాతో? మన ఫాయా మీద?

మొత్తం రాయి. ఏదీ వదలకుండా రాయి. ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు.

బతిస్తె

*

వలెన్సియా,
మార్చి 17

అన్నయ్యా,

ఏం చేశాను నేను. మూకుడు దింపేసి, పొయ్యి ఆర్పేసి, దుకాణం వెనక పిండి బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. గారెలడిగినవాళ్లకి అయిపోయాయని చెప్పిస్తున్నాను.

మొత్తం రాయమన్నావు. ఈ ఏడు ఫాయా మన బజారు మీద. చేపలమ్మే ఆవిడ, తూకంలో మోసం చేసే మాంసం కొట్టువాడు, ఖాళీగా కూర్చునే పోలీసు, అందరి మీదా వెక్కిరింతలే. వెక్కిరింత లేని బొమ్మ ఒక్కటే, వదినది. బొమ్మలు చేసేవాడు ఆవిడ చేతి గారెలు తిని పెరిగినవాడు. ఆవిడ లేకుండా బజారు ఎలా కడతామన్నాడు. సంఘమంతా సరేనంది. శాన్ హోసె రోజున నీ చేత్తోనే ఫాయాకి నిప్పు పెట్టించాలనీ, అందాకా నీకు తెలియకూడదనీ అనుకున్నాం. ఆ టపాకాయల పని పోయినందుకు ఇది ఇస్తున్నామని ఒనొరాత్ ఉద్దేశం కాబోలు. వెధవ సగం చెప్పి సగం దాచాడు.

బొమ్మ ఎలా ఉందంటే, మూకుడు ముందు స్టూలు మీద కూర్చుని ఉంటుంది. కుడి చేతిలో జల్లిగరిటె. ఎడమ చెయ్యి ఒళ్లోకి వంచి పెట్టి, ఆ వంపులో చూఫా. ముక్కు కొంచెం పెద్దదైంది. ఆవిడ చూసి ఉంటే వాణ్ణి గరిటెతో కొట్టేది. కళ్లు మాత్రం ఆవిడవే. నువ్వు వాయి మాడుస్తుంటే నిన్ను చూసే చూపే అది. నిన్న దుమ్ము తుడుస్తూ "క్షమించు వదినా" అనేశాను. బొమ్మతో మాట్లాడేదాకా వచ్చాను చూడు.

ఇప్పుడు ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. పందొమ్మిది దాకా టైముంది. తిరిగి బిగిస్తామని ఒనొరాత్ అంటున్నాడు, సిగ్గుతో తల ఎత్తడం లేదు. కానీ నువ్వు చూడకుండా ఆవిణ్ణి కాల్చడానికి నాకు మనసొప్పదు. చూఫాని ఆ ప్రాక్సెదెస్ దగ్గర ఉంచి ఒక్క పూట రాలేవా? ఒక్కసారి చూసి వెళ్లిపో. అంత్యక్రియలప్పుడు కూడా నువ్వు ఆవిడ మొహం సరిగ్గా చూడలేదు. ఆ రోజంతా చూఫాని కోటులో పెట్టుకుని కిందికే చూస్తూ నిలబడ్డావు.

రా అన్నయ్యా.

ఫినా

*

వలెన్సియా,
మార్చి 18

అన్నయ్యా,

ఈ కాగితం వదిన ఏప్రాన్‌కి పిన్నీసుతో గుచ్చుతున్నాను.

తదేవో ఇప్పుడే వచ్చి చెప్పాడు. నువ్వు బుట్టతో సహా పొద్దున బస్సెక్కావట, దారిలో లీరియా అనే ఊళ్లో దిగిపోయావట. ఎందుకని అడిగితే "పాలకూరకి బాగోలేదమ్మా" అన్నాడు. మొహం చూస్తే తమాషాకి అన్నట్టు లేదు. అంతకంటే ఏమీ తెలియదట, బస్సు అక్కడే ఆపి ఉంచలేక వచ్చేశాడట. చూఫా ఉందో లేదో నాకు తెలియదు. రమ్మని రాసింది నేనే.

నువ్వు రాలేవని అర్థమైంది. రావద్దు కూడా. రెండింటి పేలుళ్లు ఇప్పుడే ఆగాయి, వీధంతా పొగ. అందుకే ఆవిణ్ణే పంపుతున్నాను. ఒనొరాత్, వాళ్ల అల్లుడు, నేను మోసుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టాం. చూఫాకి టికెట్ అడగని తదేవో ఆవిడకి అడిగాడు. "సీటు పట్టినవాళ్లు మనుషులే" అన్నాడు.

ఫాయా మీద ఖాళీ చోటు అలాగే ఉండనీ. నీ ఇష్టం, నువ్వే కాలుస్తావో, ఏం చేస్తావో. శాన్ హోసె అక్కడికీ వస్తాడుగా. చూఫా బతికి ఉంటే మాత్రం ముందు ఆ సంగతి రాయి.

ఫినా

*

వాల్‌సేకా,
మార్చి 19

ఫినా,

చూఫా బతికే ఉంది. ముందు అది రాశాను. నీ పేరు పండక్కి దీవెనలు. ఇక తాపీగా చదువు.

నిన్న దాన్ని ప్రాక్సెదెస్ దగ్గర వదిలే బయల్దేరాను. నేను మలుపు తిరిగేలోపే తలుపు గీకడం మొదలుపెట్టిందట. ఆవిడ వెనకాలే పరిగెత్తుకొచ్చి "ఇదుగో నీ సంసారం, నా తలుపు మిగల్చదు" అని చేతిలో పెట్టింది. మళ్లీ బుట్ట, మళ్లీ పాలకూర. తదేవో ఈసారి అద్దంలోకి కూడా చూడలేదు. "కూరకి కిటికీ పక్కన చోటివ్వండి" అన్నాడు.

నా ఆలోచన ఏమిటంటే, రెండింటి పేలుళ్ల లోపే ఊరి చివర దిగి, టాక్సీలో నీ ఇంటికొచ్చి, మీ వదినని ఒక్కసారి చూసి, అదే టాక్సీలో వెనక్కి తిరగడం. పొద్దుటి పూట అంత చప్పుడు ఉండదులే అనుకున్నాను. పండగలో పెరిగినవాడికి పొద్దుటి చప్పుడు చప్పుడుగా కూడా తోచదు కదా. లీరియాలో బస్సు ఆగింది. చౌరస్తాలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడు చిన్న టపాకాయ విసిరాడు, చక్రం పక్కన పేలింది. నాకది వినపడను కూడా లేదు. పొగ మాత్రం కనపడింది. తర్వాత చూస్తే పాలకూర వణకడం మానేసింది.

బుట్ట తీసుకుని దిగేశాను. చూఫా కళ్లు పైకి తేలిపోయాయి, ఒళ్లు కొయ్యబారింది. ఎదురుగా రొట్టెల కొట్టు ఉంటే తోసుకుని లోపలికి పోయాను. ఆ కొట్టావిడ ఏమీ అడక్కుండా వెనక పిండి గదిలోకి తోసి తలుపు వేసింది. చుట్టూ బస్తాలు. అక్కడ కోటు విప్పి, దాన్ని గుండెకి అదుముకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. చాలాసేపటికి నా వేలు నాకింది.

అప్పుడు తేల్చుకున్నాను, ఇక రాకూడదని. ఎన్‌కార్నాకి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే ఎన్‌కార్నాని చూడటం కుదరదు. అది అర్థమయ్యాక ఏడుపు ఆగలేదు ఫినా. ఆవిడ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. కొట్టావిడ కుక్క కోసం అనుకుని "బతికిందిగా నాయనా, ఊరుకో" అంటూ రొట్టె ముక్క పెట్టింది.

సాయంత్రం తిరుగు బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ముందు సీట్లో ఎన్‌కార్నా కూర్చుని ఉంది.

నువ్వు పంపుతావని నాకేం తెలుసు? మెట్టు మీదే ఆగిపోయాను. తదేవో నా వైపు చూడకుండా, "ఎక్కండి పెద్దాయనా, మీ ఆవిడ వలెన్సియా నుంచీ ఎదురుచూస్తోంది" అన్నాడు. వెనక సీటావిడకి చూపు సరిగ్గా ఆనదట, దారి పొడుగునా నారింజ తొనలు అందిస్తుంటే ఈవిడ పలకలేదని కోపంగా ఉంది. "ఏం మనిషండీ, మంచీ మర్యాదా లేదు" అని నాతోనే చెప్పింది. మా ఆవిడ తరఫున క్షమాపణ చెప్పి తొన నేను తిన్నాను.

పక్కన కూర్చున్నాను. ముక్కు నిజంగానే పెద్దది. కళ్ల సంగతి నువ్వు రాసింది తక్కువ. ఇంతలో బుట్టలో పాలకూర కదిలింది. చూఫా ముక్కు బయట పెట్టింది, ఏప్రాన్ వాసన పట్టింది. పాత నూనె, గుమ్మడికాయ, ఆవిడ. ఆకు ఒకటి నెత్తి మీద వేసుకుని బుట్టలోంచి దిగి, సీటు దాటి, తిన్నగా ఒళ్లోకెక్కింది. కాగితం చూఫా ఉండాల్సిన ఆ చేతి వంపులో ఒక చుట్టు తిరిగి పడుకుంది. అప్పటిదాకా ఒళ్లు అదురుతూనే ఉంది, అక్కడ ఆగింది.

ఇవాళ శాన్ హోసె. కాల్చాలనే అనుకున్నాను, నేను ఆ సంఘం మనిషిని. ఫాయా కాలుతుంటే ఏడ్చేవాళ్లని జన్మంతా వెక్కిరించాను. బొమ్మని దాచుకుంటే పండగే కాదని నేనే అనేవాణ్ణి. మధ్యాహ్నం కళ్లంలో ద్రాక్ష పుల్లలు పేర్చి, మధ్యన ఆవిణ్ణి కూర్చోబెట్టాను. ఊరంతా వచ్చి నిలబడ్డారు. టపాకాయలు ముంచేసిన మనిషి ఇప్పుడేం చేస్తాడో చూద్దామని కాబోలు. చూఫా దారిలోనే ఎక్కేసింది, ఒళ్లో పడుకుంది. అది దిగితే వెలిగిద్దామని అగ్గిపెట్టె పట్టుకుని రాయి మీద కూర్చున్నాను.

పిలిచాను, చెవి కదిలించి ఊరుకుంది. ప్రాక్సెదెస్ సాసేజ్ ముక్క చూపించింది. మెడ చాపి, ముక్క అందుకుని, ఒళ్లోనే తింది.

"లాగి దింపెయ్యవయ్యా" అంది ప్రాక్సెదెస్.

"నా వల్ల కాదు" అన్నాను.

"కుక్క వల్ల కాదా, నీ వల్ల కాదా?"

"ఇద్దరి వల్లా కాదు."

ఆవిడ వచ్చి పక్కన రాయి మీద కూర్చుంది. తన ఇద్దరు మొగుళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. సగమే వినపడింది. ఎండ కొండ వెనక్కి పోయింది. చలి పెరిగాక జనం ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లారు. చివరికి ప్రాక్సెదెస్ లేచి, పుల్లలు తన పొయ్యికి పనికొస్తాయని ఒడి నిండా ఏరుకుని పోయింది. ఎన్‌కార్నా ఇప్పుడు నా గదిలో కిటికీ పక్కన ఉంది. చూఫా ఇంకా ఒళ్లోనే ఉంది. వచ్చినప్పటి నుంచీ ఇవాళే నేను ఒక చోట కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

అక్కడ ఈ రాత్రి కాగితం చూఫా కాలిపోతుంది, ఆ పేలుళ్లన్నిటి మధ్యా. ఈ చూఫాకి ఆ చప్పుడు చేరదు. మీ వదిన అడిగింది అంతే.

నేను కాల్చలేదని ఒనొరాత్‌తో చెప్పు. నవ్వుతాడు, నవ్వనీ. పతకం వాళ్ల అల్లుడికే ఇమ్మను, తెల్లారే లేచి కష్టపడుతున్నాడు.

వీధులు ఊడ్చేదాకా ఆగి ఎల్లుండి బస్సులో వస్తాం. ఇక బుట్ట అక్కర్లేదన్నాడు తదేవో, ఆవిడ ఒళ్లో ఉన్నంతసేపూ చూఫా సామాను కాదట. నీ ముందుగదిలో ఆ కుర్చీ తియ్యకు. అప్పటికి శాన్ హోసె దాటిపోతుంది, ఇక ఈ ఏడు ఆవిణ్ణి కాల్చడం మన పద్ధతి కాదు. మరి వచ్చే ఏడు ఏం చేస్తావని నువ్వు అడుగుతావు. చూఫా దిగిన రోజు ఆలోచిస్తాను.

నీ అన్నయ్య,
బతిస్తె